2.4 సెం.మీ. అకూస్టిక్ న్యూరోమా: ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెబితే ఏం చూసుకోవాలి?

మీరు రాసినది: అమ్మగారికి 52 ఏళ్లు, ఎడమవైపు 2.4 సెం.మీ. అకూస్టిక్ న్యూరోమా (లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ), బ్రెయిన్‌స్టెమ్‌ను (మెదడు అడుగున ఉండే కాండాన్ని) తాకుతోంది గానీ నొక్కడం లేదు. ఆ చెవి ఆడియోగ్రామ్ 65 డెసిబెల్స్, మాటలు గుర్తుపట్టేది 30 శాతం. ఒకరు రెట్రోసిగ్మాయిడ్ ఆపరేషన్ అన్నారు, ఒకరు ట్రాన్స్‌ల్యాబిరింథైన్ (ట్రాన్స్‌ల్యాబ్) ఆపరేషన్, ఇంకొకరు గామా నైఫ్ రేడియేషన్. ముగ్గురి మాటలోనూ తప్పు లేదు.

ముందు ఆ 30 శాతం సంగతి. 50 డెసిబెల్స్‌లోపు, 50 శాతానికి పైన ఉంటేనే పనికొచ్చే వినికిడిగా లెక్క. అమ్మగారిది అది దాటిపోయింది. కాబట్టి 'వినికిడి పూర్తిగా పోతుంది' అనే భయంతో ట్రాన్స్‌ల్యాబ్‌ను పక్కన పెట్టక్కర్లేదు. కుడి చెవి బాగుండాలి, అంతే. అది కూడా దెబ్బతిని ఉంటే లెక్క మొత్తం మారుతుంది.

ట్రాన్స్‌ల్యాబ్‌లో చెవి వెనక మాస్టాయిడ్ ఎముకను, లోపలి చెవిని డ్రిల్‌తో తొలుచుకుంటూ వెళ్తారు. చిన్నమెదడును పక్కకు జరపాల్సిన పని దాదాపు ఉండదు. ముఖం కండరాలను కదిలించే ఫేషియల్ నరం మొదట్లోనే, లోపలి కాలువ (వినికిడి, ఫేషియల్ నరాలు వెళ్లే ఎముక సొరంగం) చివర దొరుకుతుంది. తొలిచిన ఖాళీని పొట్ట కొవ్వుతో నింపుతారు. పొట్ట మీద కూడా చిన్న కుట్లు ఉంటాయని అమ్మగారికి ముందే చెప్పండి, లేచాక చూసి కంగారుపడతారు.

రెట్రోసిగ్మాయిడ్ అంటే ఇంకాస్త వెనక ఎముకలో చిన్న కిటికీ తెరిచి వెళ్లడం. ఎంత సైజు గడ్డకైనా పనికొస్తుంది, వినికిడి ఉన్నవాళ్లకు అది నిలిచే అవకాశమూ ఉంటుంది. కానీ కాలువ చివర ఇరుక్కున్న ముక్క నేరుగా కనపడదు. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి తలనొప్పి ఈ దారిలోనే ఎక్కువ. మిడిల్ ఫోసా అనే ఇంకో ఆపరేషన్ దారి కాలువలోనే ఉన్న చిన్న గడ్డలకు, మీకు సంబంధం లేదు.

గామా నైఫ్‌లో గడ్డ అంచుకు 12-13 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇస్తారు. పెరగకుండా ఆపడమే దాని పని, తీసేయడం కాదు. మొదటి ఏడాది, ఏడాదిన్నరలో గడ్డ ఉబ్బి ఎం.ఆర్.ఐ.లో పెద్దదిగా కనిపించొచ్చు. అది చూసి వెంటనే ఆపరేషన్‌కు పరుగెత్తొద్దు. నిజంగానే పెరిగి కోయాల్సి వస్తే మాత్రం నరం అతుక్కుపోయి పని కష్టమవుతుంది.

ఏ దారైనా నా ఓటు ఫేషియల్ నరానికే. ఆపరేషన్ అంతసేపూ ఈ.ఎం.జి. మానిటర్ (ముఖం కండరాల కదలికను బట్టి నరాన్ని కనిపెట్టే యంత్రం) ఉంటుందా అని అడగండి. అది పనిచేయాలంటే ట్యూబ్ వేశాక మత్తు డాక్టర్ కండరాలను సడలించే మందు ఆపాలి. 'గడ్డ నరానికి అంటుకుంటే పలచటి పొర వదిలేస్తారా?' అనీ అడగండి. 'మొత్తం తీసేస్తాం' అని గొప్పగా చెప్పే జవాబు కంటే, 'వదిలేసి ఎం.ఆర్.ఐ.తో గమనిస్తాం' అనే జవాబు నాకు ధైర్యమిస్తుంది.

ముఖం వంకర పోతే కన్ను మూతపడదు. పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి టేపు అంటించాలి. కంటిలో స్పర్శ కూడా తగ్గితే నొప్పి తెలియకుండానే కార్నియాకు (కంటి ముందున్న పారదర్శక పొరకు) పుండు పడుతుంది. అప్పుడు కంటి డాక్టర్ దగ్గరికి అదే రోజు.

ఇంటికొచ్చాక వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలా కారితే జలుబు అనుకోకండి. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, మధ్యచెవి నుంచి గొంతు వైపు వెళ్లే గొట్టం ద్వారా వస్తుంది. ముక్కు చీదొద్దు, బరువులు ఎత్తొద్దు, మలబద్ధకం రానివ్వొద్దు. జ్వరం, మెడ పట్టేయడం తోడైతే మెనింజైటిస్ (మెదడు పొరలకు ఇన్ఫెక్షన్) అనుమానమే, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మొదటి రోజుల్లో తల తిరగడం విపరీతంగా ఉంటుంది. తిరుగుడు ఆపే మాత్రలు కొద్ది రోజులే. ఎక్కువ వాడితే ఒక్క చెవితో సర్దుకోవడం మెదడుకు ఆలస్యమవుతుంది. పట్టుకుని అయినా నడిపించండి.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు ఎం.ఆర్.ఐ. ఫిల్ములతో పాటు సీడీ కూడా తీసుకెళ్లండి.