మారుతి 800 ఫ్లోర్ తుప్పు: మళ్ళీ ఎందుకొస్తుందంటే

అన్నా, కొత్తపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉండే బండి, పుట్టీ పెట్టి పెయింట్ కొట్టించినా ఆర్నెల్లకే డ్రైవర్ మ్యాట్ కింద బుడగలు లేచాయన్నారు. తప్పు పెయింట్‌ది కాదు, పుట్టీది. అది తేమ పీల్చి పట్టి ఉంచుతుంది, దాంతో కింద రేకుని తుప్పు తినేస్తుంది.

మ్యాట్, దాని కింది ఫెల్టు (మందపాటి గుడ్డ పొర) తీసేసి స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. దిగబడిన చోటల్లా మెరిసే గట్టి రేకు వచ్చేదాకా కోసి, 1 మి.మీ. రేకు అతుకు వెల్డింగ్ చేయించండి. ముందు బ్యాటరీ తీసేయాలి, కింద పెట్రోల్ పైపు ఎక్కడుందో చూసుకోవాలి. ఇది మాత్రం మర్చిపోవద్దు.

పైపై తుప్పుకి వైర్ బ్రష్, తర్వాత మిగిలిన తుప్పు పోవడానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణం. కడిగి పూర్తిగా ఆరబెట్టి, ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ (తేమని ఆపే, పెయింట్ కింద వేసే పూత) రెండు కోట్లు వేయండి. మన ఉప్పుగాలికి ఒక్క రాత్రి వదిలినా రేకు ఎర్రబడుతుంది. మామూలు ప్రైమర్ తేమని ఆపదు. అతుకుల సందులు మూసే సీలర్, ఆపైన బండి అడుగుకి అండర్‌బాడీ కోటింగ్ (మందపాటి రక్షణ పూత). తలుపుల అడుగు రంధ్రాలు మాత్రం మూయొద్దు, నీళ్ళు పోయే దారి అదే.

బండి ముందువైపు అద్దం (విండ్‌షీల్డ్) చుట్టూ ఉండే రబ్బరు మీద నీళ్ళు పోసి చూడండి. లోపలికి కారుతుంటే అది మార్చందే పెయింట్ జోలికి పోవద్దు. పని కార్తీక వానలకు ముందే, ఎండల్లో పెట్టుకోండి.