ఊరు పెరిగేకొద్దీ పక్క వీధి ఎందుకు దూరమవుతుంది?

రోడ్లు వెడల్పయినా కొత్త కాలనీల్లో పక్క వీధికి కూడా చుట్టు తిరిగి వెళ్ళవలసి వస్తోందని, కారణమేమిటని మీరు అడిగారు. నేను పెరిగింది కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడక దూరంలో. పదకొండేళ్ళుగా ఉంటున్నది నంద్యాల రోడ్డు వైపు వెలిసిన ఒక వెంచర్‌లో. నా అనుభవంలో లోపం రోడ్ల వెడల్పులో లేదు, అవి ఒకదానితో ఒకటి కలవకపోవడంలో ఉంది.

పాతబస్తీ సందుల్లో రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసిందే. అయినా ఒక సందు మూసుకుపోతే మరో సందులోంచి బజారు చేరేవాళ్ళం. (కొన్ని గల్లీలు ఎవరి వాకిట్లోనో ముగిసేవన్నదీ నిజమే.) మా వెంచర్‌లో ముప్పై అడుగుల సిమెంటు రోడ్లున్నాయి. కానీ మా అమ్మాయికి ట్యూషన్ చెప్పే మాస్టారి ఇల్లు ప్రహరీ గోడకు అవతల, పిలిస్తే పలికేంత దగ్గరలో ఉన్నా, అక్కడికి వెళ్ళాలంటే మెయిన్ రోడ్డెక్కి ఒకటిన్నర కిలోమీటరు తిరగాలి.

ఇక్కడ భూమి సర్వే నంబర్ల వారీగా, ఒక్కో రైతు నుంచి ఒక్కోసారి చేతులు మారింది. కొన్నవారు తమ హద్దుల్లోపల వీధులు గీసుకుని, మెయిన్ రోడ్డుకు ఒక్క దారి వదిలి, చుట్టూ గోడ కట్టారు. నిన్నటి చేనిగట్టే నేటి ప్రహరీ అయింది. హంద్రీ నది, కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఎటూ ఊరిని చీలుస్తూనే ఉన్నాయి, వాటికి వంతెనలైనా ఉన్నాయి. గోడలకు అవీ లేవు. అన్ని వెంచర్ల బండ్లూ ఒకే రోడ్డు మీద పడుతున్నప్పుడు ఆ రోడ్డునెంత వెడల్పు చేసినా రద్దీ తగ్గదు.

వీధులు ఒకదానితో ఒకటి ఎంతగా కలుస్తున్నాయో కొలవడానికి ఒక మార్గం, కూడలి కూడలికీ ఎన్ని దారులు కలుస్తున్నాయో లెక్కించడం: చౌరస్తాకు నాలుగు, టీ జంక్షన్‌కు మూడు, మూసుకుపోయిన వీధి చివరకు ఒకటి. అమెరికా వీధులను ఇలా లెక్కగట్టి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం, అక్కడ కొత్త వీధులు ఒకదానికొకటి కలవకపోవడం 1994 ప్రాంతంలో పరాకాష్ఠకు చేరి, తర్వాత తగ్గుముఖం పట్టిందని తేల్చింది. అంటే ఈ ధోరణిని మళ్ళించవచ్చు, కానీ కొత్తగా వేసే వీధుల్లోనే సులభం. ఇళ్ళు లేచాక దారి తీయాలంటే ఎవరి స్థలమో పోవాలి.

అందుచేత ప్లాటు కొనేముందు లేఅవుట్ పటంలో రోడ్డు వెడల్పుతో పాటు, ప్రతి రోడ్డూ పొలిమేర దగ్గర పక్క స్థలంలోకి తెరుచుకుంటుందో, గోడకు తగిలి ఆగుతుందో చూడండి. ఇప్పటికే చిక్కుకుపోయినవారు నడిచేవారికి, సైకిళ్ళకు గోడలో చిన్న గేటైనా పెట్టించుకోవచ్చు. మా కాలనీ సమావేశంలో నేను అదే అడిగితే దొంగల భయమన్నారు, గేటింకా రాలేదు.