టస్కనీ ద్రాక్షతోటల్లో కార్ల గోల లేకుండా సైకిల్ తొక్కాలంటే: మా ఆరు రోజుల అనుభవం

ప్రశ్న: మేమిద్దరం భార్యాభర్తలం, నలభై దాటాయి. వారాంతాల్లో హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కనున్న సోలార్ ట్రాక్ మీద 40, 50 కిలోమీటర్లు తొక్కుతాం. ఇటలీలో ద్రాక్షతోటల కొండల మధ్య, కార్లూ బస్సులూ లేని దారుల్లో వారం రోజులు తిరగాలని ఉంది. టస్కనీలో కుదురుతుందా? రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి?

జవాబు: కుదురుతుంది. కానీ ఒక చిక్కుంది. కార్లు అసలు రాని సైకిల్ దారులు టస్కనీలో ఉన్నాయి, ద్రాక్షతోటల కొండలూ ఉన్నాయి. రెండూ ఒకే చోట దొరకడమే కష్టం. సైకిల్ దారి ఏ కాలువ పక్కనో పల్లంలో పోతుంటుంది, తోటలేమో కొండల మీద ఉంటాయి. ఈ రెంటినీ కలిపేవి తారు వెయ్యని తెల్ల కంకర రోడ్లు. అక్కడివాళ్లు వాటిని ‘స్త్రాదె బియాంకె’ అంటారు. వాటి మీద కార్లు తిరగకూడదని రూలేమీ లేదు, దుమ్ముకి భయపడి పెద్దగా రారంతే. మాకు గంటకి రెండో మూడో ఎదురయ్యేవి, అందులో ఒకటి ట్రాక్టర్.

నేనూ మా బావమరిదీ రెండేళ్ల కిందట సెప్టెంబరు ఆఖర్లో వెళ్లాం. వాడు మ్యూనిక్‌లో ఉంటాడు, వాడి సైకిల్ వాడు తెచ్చుకున్నాడు. నేను ఫ్లోరెన్స్‌లో అద్దెకు తీసుకున్నాను. అక్కణ్ణుంచి లోకల్ రైల్లో అరెత్సో చేరాం. లోకల్ రైళ్లలో, సైకిల్ బొమ్మ ఉన్న పెట్టెలో, సైకిల్‌ని విప్పకుండానే ఎక్కించుకోవచ్చు. దానికి విడిగా చిన్న టికెట్ కొనాలి. హైస్పీడ్ రైళ్లలో అలా కుదరదు, విప్పి సంచిలో పెట్టాల్సిందే.

అరెత్సో నుంచి కియూసి దాకా కాలువ గట్టు మీద 62 కిలోమీటర్ల దారి ఉంది. పేరు సెంతియేరో దెల్లా బొనీఫికా. మీరు అడిగిన ‘కార్లు లేని దారి’ అచ్చంగా ఇదే. ఆ లోయంతా ఒకప్పుడు బురద, మలేరియా. దక్షిణంగా టైబర్ నది వైపు పోయే కియానా నది నీళ్లని తిప్పి ఉత్తరాన ఆర్నో నదిలోకి పంపారు. తరాల తరబడి మట్టి మేటలు వేయించి ఆ బురదని పొలాలు చేశారు. కాలువనీ లాకులనీ చూసుకునే పనివాళ్లు తిరగడానికి ఉన్న గట్టే ఇప్పుడు సైకిల్ దారి. నేను తాడేపల్లిగూడెం వైపు కాలవగట్ల మీదే సైకిల్ నేర్చుకున్నవాణ్ణి, అందుకని కాస్త ఎక్కువ మెచ్చుకుంటున్నానేమో. లాకు, లాకు పక్కన ఇల్లు, నీళ్లలో ఒంటికాలి మీద కొంగ, అన్నీ తెలిసినవే. కొబ్బరిచెట్లు లేవంతే. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. మీ ట్రాక్ అలవాటుతో ఆ రోజు హాయిగా గడిచిపోతుంది. రాత్రి మోంతెపుల్చానో చెరువు దగ్గర ఒక రైతు ఇంట్లో దిగాం.

అసలు కథ రెండో రోజు మొదలైంది. చెరువు సుమారు 250 మీటర్ల ఎత్తులో ఉంటే, మోంతెపుల్చానో ఊరు 605 మీటర్ల ఎత్తున కొండ కొసన కూర్చుంది. మ్యాప్‌లో పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. ‘తొమ్మిదింటికల్లా పైన కాఫీ తాగుదాం’ అన్నాను మా వాడితో. పదకొండున్నర దాటింది. చివరి రెండు కిలోమీటర్లు సైకిల్ నన్ను మోయలేదు, నేనే దాన్ని తోసుకుంటూ పోయాను.

అందుకని టస్కనీలో కిలోమీటర్లు లెక్కపెట్టకండి, ఎక్కాల్సిన మీటర్లు లెక్కపెట్టండి. తిరుపతి నుంచి తిరుమలకి ఎక్కేది ఏడెనిమిది వందల మీటర్లు. ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్యనున్న కియాంతి కొండల్లో 50 కిలోమీటర్లు తిరిగితే అంతకన్నా ఎక్కువే ఎక్కుతారు. అదీ ఘాట్ రోడ్డులా ఒకే తీరున ఉండదు. వంద మీటర్లు ఎక్కడం, వాగు దాకా దిగిపోవడం, మళ్లీ మొదటికి రావడం. ఊళ్లన్నీ కొండ కొసల మీదే కాబట్టి రోజు చివర్లో బస కోసం ఇంకొకటి ఎక్కక తప్పదు. నా లెక్కలో మీకు రోజుకు 35, 40 కిలోమీటర్లు చాలు, ఎక్కుడు 600 మీటర్లు దాటకుండా చూసుకోండి.

నేను తోసుకుంటూ వెళ్లడానికి వయసు ఒక్కటే కారణం కాదు. ‘కొండలకి వెళ్తున్నాం’ అని చెప్పినా ఆ అద్దె దుకాణంవాడు సన్నటి టైర్ల రేసు సైకిల్ ఇచ్చాడు. వెనక పెద్ద పళ్లచక్రానికి 28 పళ్లే. తీసుకునేటప్పుడు లెక్కపెట్టుకోకపోవడం నా తప్పు. ముందు పెడల్స్ దగ్గరున్న చిన్న పళ్లచక్రానికి ఎన్ని పళ్లుంటే వెనక పెద్దదానికి కనీసం అన్నైనా ఉండాలి, ఎక్కువుంటే ఇంకా మంచిది. టైర్లు 38, 40 మిల్లీమీటర్ల వెడల్పువి, డిస్క్ బ్రేకులు. ఇవి లేకపోతే బుక్ చేసుకున్న సైకిల్ అయినా సరే, మార్చి ఇమ్మని అడగండి. మొహమాటపడకండి.

మూడో రోజు పియెంజా నుంచి మోంతల్చీనో వెళ్లాం. ఫొటోల్లో మీరు చూసి ఉంటారే, వంకర దారికి అటూ ఇటూ సైప్రస్ చెట్లు, ఆ లోయ ఇదే. తెల్ల కంకర దిగుడులో మలుపు దగ్గర కంగారుపడి ముందు బ్రేకు నొక్కాను. చక్రం జారి మోచెయ్యి గీరుకుపోయింది. కంకర మీద వేగం మలుపుకి ముందే తగ్గించుకోవాలి, మలుపులో ముందు బ్రేకు ముట్టుకోకూడదు. నాకు అది మోచెయ్యి ద్వారా తెలిసింది.

నాలుగో రోజు పొద్దున్నే వాన. సియెనాకి దక్షిణాన ఉన్న మట్టి అచ్చం మన నల్లరేగడిలాంటిదే, రంగు మాత్రం బూడిద. వాన పడితే చక్రానికీ బ్రేకుకీ మధ్య ముద్దలుగా పట్టేసి తిరగనివ్వదు. అరకిలోమీటరు పోయి వెనక్కి తిరిగాం. తారు రోడ్డు మీద బువోన్‌కొన్వెంతో దాకా దిగి, అక్కణ్ణుంచి రైలెక్కి సియెనా వెళ్లిపోయాం. దారి గీసుకునేటప్పుడు ఏ రోజు ఏ స్టేషన్ దగ్గరో పక్కన రాసి పెట్టుకోండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

నాకు బాగా నచ్చింది ఐదో రోజు. సియెనా నుంచి బ్రోలియో కోట మీదుగా గాయోలె. ఈ కంకర రోడ్లు ఇంకా మిగిలి ఉన్నాయంటే అందులో ఈ చిన్న ఊరి పాత్ర ఉంది. వాటికీ తారు వేసేస్తారేమోనన్న బెంగతో 1997లో ఇక్కడే లెరోయికా మొదలుపెట్టారు. పాతకాలం సైకిళ్ల మీద తొక్కే పండగ అది. మొదటిసారి 92 మంది వచ్చారు. ఇప్పుడు అక్టోబరులో వేలమంది వస్తారు, 1987కి ముందువో, అదే పద్ధతిలో చేసినవో అయిన సైకిళ్లతో. వాళ్లు తొక్కే 209 కిలోమీటర్ల దారికి ఏడాది పొడవునా బోర్డులుంటాయి. మీరు మీ వీలునిబట్టి ముక్కలుగా తొక్కుకోవచ్చు. బ్రోలియోకి ఎక్కే దారి అందులోదే. ద్రాక్ష కోత జరుగుతోంది. వరసల మధ్య కత్తెరల చప్పుడు, ట్రాలీల నుంచి పులిసిన వాసన. ఇటలీ రెండో ప్రధాని బెత్తీనో రికాసోలీది ఈ కోటే. కియాంతి వైన్‌లో సాంజోవేజె ద్రాక్షకి పెద్దపీట వేసింది ఆయనే. మోంతెపుల్చానోలో, మోంతల్చీనోలో, ఇక్కడ, మూడు చోట్లా వేరే వేరే పేర్లతో నేను తాగింది ముఖ్యంగా ఆ ఒక్క ద్రాక్షనే అని ఆలస్యంగా తెలిసింది. రుచి మాత్రం ఒక్కలా లేదు.

తాగడమంటే గుర్తొచ్చింది. మందు తాగి బండి నడిపితే పట్టుకునే చట్టం అక్కడ సైకిల్‌కీ వర్తిస్తుంది. లీటరు రక్తంలో ఆల్కహాల్ అర గ్రాము దాటకూడదు. మేం పగలు రుచి చూసి ఉమ్మేశాం, రాత్రి బసకి చేరాక తాగాం. పగలు ఒక్క గ్లాసు పడినా ఆ తర్వాతి ఎక్కుడు రెండింతలవుతుంది, చట్టం సంగతి అలా ఉంచినా.

మీరు శాకాహారులైతే ఇబ్బంది తిండితో కాదు, వేళలతో. రెండున్నరకి వంటిల్లు మూసేస్తే మళ్లీ రాత్రి ఏడున్నరకే తెరుస్తారు. చిన్న ఊళ్లలో కిరాణా కొట్లు కూడా మధ్యాహ్నం మూస్తారు. మొదటిరోజు మూడింటికి ఒక ఊరు చేరి చిప్స్ తిని సరిపెట్టుకున్నాం. చేత్తో లావుగా పేనిన సేమ్యాలాంటి ‘పీచి’ని ఆ కియానా లోయలోనే పండే పెద్ద వెల్లుల్లి, టమాటా సాస్‌తో ఇస్తారు, అది అడగండి. సూపులు మాంసం నీళ్లతో చేశారేమో కనుక్కోండి. గొర్రెపాల చీజ్‌లో మామూలుగా జంతువుల నుంచి తీసిన తోడు వాడతారు, పట్టింపు ఉంటే వద్దు. టస్కనీ రొట్టెలో ఉప్పు వెయ్యరు. మా వాడి సంచిలో ఆవకాయ సీసా ఉంది కాబట్టి బతికిపోయాం.

ఆరో రోజు మేం చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. ఆదివారం నాడు పన్సానో, గ్రేవె మీదుగా 222 నంబరు రోడ్డు పట్టుకుని ఫ్లోరెన్స్ బయల్దేరాం. పేరుపడ్డ అందమైన రోడ్డే, అందుకే ఊళ్లోని మోటర్‌సైకిళ్లన్నీ అక్కడే ఉన్నాయి. మీరు గాయోలె నుంచి మోంతెవార్కి స్టేషన్‌కి దిగిపోండి. సుమారు 20 కిలోమీటర్లు, మొదట ఒక కొండ ఎక్కితే తర్వాతంతా దిగుడే. అక్కణ్ణుంచి ఫ్లోరెన్స్‌కి రైలుంది.

ఒక్క కారు కూడా ఎదురు రాకూడదనుకుంటే టస్కనీ మానేసి ఇటలీ ఉత్తరాన బోల్జానో చూడండి. అక్కడ పాత రైలు పట్టాలు తీసేసి వేసిన దారి ద్రాక్షతోటల మధ్యగా కాల్దారో దాకా ఎక్కుతుంది. రైలు కోసం వేసింది కాబట్టి ఎక్కుడు మెల్లగా ఉంటుంది, సొరంగాలు కూడా ఉన్నాయి. మా బావమరిదికి అదే ఎక్కువ ఇష్టం. నేనైతే మళ్లీ గాయోలెకే వెళ్తాను, ఈసారి బ్యాటరీ సైకిల్ మీద. మీ ఇద్దరిలో ఎవరికి కాళ్ల బలం తక్కువో వాళ్లకి అదే తీసుకోండి. పెద్ద సంచి ఆ సైకిల్ మీదే పెట్టండి, ఛార్జర్ మాత్రం మర్చిపోకుండా దుకాణంలోనే అడిగి తీసుకోండి.