మూలలను నునుపు చేసే సాండర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కిటికీ చట్రాల మూలల్లోనూ, కుర్చీ వీపు కమ్మీల మధ్యనూ ఉన్న పాత వార్నిష్‌ను తీయాలనుకుంటున్నాను. ఇందుకు విడిగా డీటెయిల్ సాండర్ కొనాలా, లేక మల్టీటూల్ (ప్లేట్లు, బ్లేడ్లు మార్చి రకరకాల పనులకు వాడే యంత్రం) కొని దానికి త్రికోణపు ప్లేటు బిగించుకుంటే సరిపోతుందా?

జవాబు: రెండింటి ప్లేట్లూ చూడడానికి ఒకేలా ఉంటాయి కానీ చెక్క మీద అవి కదిలే తీరు వేరు. ఎంపికకు ఆ కదలికే ఆధారం కావాలి. మల్టీటూల్‌లో ప్లేటు తన నడుమనున్న ఇరుసును కేంద్రంగా చేసుకొని ఇటూ అటూ ఊగుతుంది. ఆ ఊపు మొత్తం మూడు నాలుగు డిగ్రీలే అయినా, నిమిషానికి సుమారు 10,000 నుంచి 20,000 సార్లు జరుగుతుంది. గడియారపు లోలకంలో ఇరుసుకు దూరంగా ఉన్న గుండు ఎక్కువ దూరం కదిలినట్లే ఇక్కడ ప్లేటు కొనలు ఎక్కువగా, నడుమ భాగం నామమాత్రంగా కదులుతాయి. రాపిడి అంతా కొనల దగ్గరే జరుగుతుంది కనుక ఇరుకైన లోపలి మూలల్లో ఈ పరికరానికి సాటి లేదు. అదే కారణం వల్ల వెడల్పైన చదును భాగం మీద మాత్రం ఇది ఎత్తుపల్లాలు మిగులుస్తుంది. అరచేతిలో పట్టే డీటెయిల్ సాండర్లలో చాలావాటికి ప్లేటు మొత్తం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల చిన్న వలయాలలో తిరుగుతుంది. అందువల్ల ప్లేటులోని ప్రతి భాగమూ ఇంచుమించు సమానంగా రాస్తుంది.

మీరు చెప్పిన పనిలో మూలలు, సందులే ఎక్కువ. కాబట్టి వేగం తగ్గించుకునే వీలున్న మల్టీటూల్ తీసుకొని, దానితోపాటు వేలి వెడల్పున ఉండే సన్నని శాండింగ్ ప్లేటు కూడా దొరుకుతుందో లేదో చూసుకోవడం మంచిదని మా అభిప్రాయం. కమ్మీల మధ్యకు త్రికోణం పోదు, ఆ సన్నని ప్లేటే పోతుంది. తలుపు పలకలు, అల్మారా అంచులు కూడా చేయవలసి ఉంటే అరచేతి సాండర్ మేలు. బల్ల పైభాగం వంటి వాటికి ఈ రెండూ తగవు. వాటికి 125 మిల్లీమీటర్ల గుండ్రటి ప్లేటుతో తిరిగే రాండమ్ ఆర్బిటల్ సాండర్ వాడాలి. చిన్న ప్లేటుతో పెద్ద పలకను నునుపు చేయబోయి అలసిపోయి, పరికరాన్నే నిందించేవారు చాలామంది ఉన్నారు.

కొనేముందు ప్లేటు బిగించే అమరికను తప్పక గమనించండి. బాష్, ఫైన్ సంస్థలు 2016లో మల్టీటూల్‌ల కోసం తెచ్చిన స్టార్‌లాక్ అమరికలో మామూలు, ప్లస్, మాక్స్ అనే మూడు స్థాయులు ఉన్నాయి. పై స్థాయి యంత్రానికి కింది స్థాయి ప్లేట్లు ఎక్కుతాయి కానీ, కింది స్థాయి యంత్రానికి పై స్థాయివి ఎక్కవు. ప్లేటుకు అతికించే గరుకు కాగితానికి ఉన్న ధూళి రంధ్రాలు ప్లేటు రంధ్రాలతో కలవాలి, లేకపోతే ధూళి లోపలికి పోక కాగితం కిందే నిలిచిపోతుంది. యంత్రాన్ని ఒకసారి నడిపి, చేతికి ఎంత అదురు తెలుస్తుందో చూడండి. ఐరోపా సమాఖ్య 2002లో చేసిన నియమం ప్రకారం, పనివారి చేతికి తగిలే కంపనం ఎనిమిది గంటల సగటున 2.5 మీ./సె² దాటితే యజమాని నివారణ చర్యలు మొదలుపెట్టాలి, 5 మీ./సె² దాటనే కూడదు. సాధారణంగా మాన్యువల్‌లో ముద్రించే కంపన విలువను ఈ అంకెలతో పోల్చి చూస్తే, రోజుకు మొత్తం ఎంతసేపు పనిచేయవచ్చో అంచనా వస్తుంది.

ప్రశ్న: నా సాండర్‌కు కాగితం అంటుకొని ఉండడం లేదు. కొద్దిసేపటికే ఊడి వస్తోంది. ప్లేటు నాసిరకమా?

జవాబు: ప్లేటు కన్నా ముందు మీ చేతి బరువును అనుమానించాలి. కాగితాన్ని పట్టి ఉంచేవి ప్లేటు మీది సన్నని ప్లాస్టిక్ కొక్కేలు. గట్టిగా నొక్కితే రాపిడి వేడికి అవి మెత్తబడి, వంగి, పట్టు కోల్పోతాయి. ముందుగా పోయేవి కొనల దగ్గరివే. నొక్కినకొద్దీ పని వేగం పెరుగుతుందనుకోవడం సహజమే కానీ, నిజానికి ఊపు తగ్గి, ధూళి కాగితంలో ఇరుక్కొని, రాపిడి మందగిస్తుంది. యంత్రం బరువుకు తోడు చేతిని ఆనించినంత ఒత్తిడి చాలు. ఒక కొన అరిగినప్పుడు కాగితాన్ని తీసి మూడోవంతు తిప్పి అతికించండి. మూడు కొనలూ ఇలా వాడుకున్నాకే కొత్తది తీయవచ్చు. పాత వార్నిష్, పెయింట్ వేడికి జిగురుగా మారి కాగితాన్ని పూడ్చేస్తాయి కనుక వాటికి వేగం తగ్గించి, ధూళి ఇరుక్కోకుండా స్టియరేట్ అనే జారుడు పూత వేసిన కాగితం వాడండి. కొక్కేలు ఇప్పటికే చదునైపోయి ఉంటే ప్లేటును మార్చక తప్పదు.

ప్రశ్న: నునుపు చేసినప్పుడు బాగానే ఉంది, వార్నిష్ వేశాక మాత్రం సన్నని వంకర గీతలు కనబడుతున్నాయి. ఎందుకు?

జవాబు: 80 నంబరు కాగితం నుంచి నేరుగా 220కి వెళ్లి ఉంటారు (నంబరు పెరిగేకొద్దీ కాగితం గరుకు తగ్గుతుంది). ముతక కాగితం చేసిన లోతైన గీతలను అంత సన్నని కాగితం పూర్తిగా తీయలేదు, వార్నిష్ తడి తగలగానే అవి బయటపడతాయి. 80, 120, 180 అని మెట్లు దాటకుండా వెళ్లండి. ప్రతి మెట్టు తరువాత ధూళిని తుడిచి, దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పట్టి చూడండి. చివరి నంబరును చేత్తోనే, చెక్క చారల వెంబడి రుద్దాలి, ఎందుకంటే ఊగే ప్లేటు చారలకు అడ్డంగా కూడా గీస్తుంది. వెనీర్ (పలుచని చెక్క పొర) అతికించిన పలకల మీద మరీ జాగ్రత్త అవసరం. ఆ పై పొర తరచు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు, ముతక కాగితంతో కొన ఒక్కచోట నిలిస్తే కింది పొర బయటపడుతుంది, దాన్ని మళ్లీ కప్పే మార్గం లేదు.

ప్రశ్న: ధూళి సంచి ఉన్న యంత్రానికి మాస్కు కూడా అవసరమా?

జవాబు: తప్పనిసరిగా అవసరం. సంచి ముతక ధూళిని పడుతుంది, ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నని ధూళిలో కొంత బయటికే వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. సంచికి బదులు వాక్యూమ్ గొట్టం తగిలించి, ఎన్95 స్థాయి మాస్కు ధరించండి. దశాబ్దాల నాటి పెయింట్ అయితే అందులో సీసం ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా దానిని యంత్రంతో పొడిగా గీకవద్దు, పిల్లలూ గర్భిణులూ ఉన్న ఇంట్లో అసలే వద్దు. పని ముగిశాక సంచిని అదే రోజు ఖాళీ చేయండి. మేకుకు తగిలి రేగిన నిప్పురవ్వ ఒకటి అందులో చేరితే, ఆ పొడి గంటల తరువాత కూడా అంటుకోగలదు.