ఫోన్ చూడగానే బాబు పారిపోతున్నాడు

ప్రశ్న: మావారు కువైట్‌లో పనిచేస్తున్నారు. రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ చేస్తే, రెండున్నరేళ్ల బాబు నిమిషంలో ఏడుస్తూ వెళ్లిపోతున్నాడు. నాన్నను మరిచిపోతాడేమోనని బెంగగా ఉంది.
– ఒక తల్లి, గాజువాక

జవాబు: మరిచిపోవడం కాదమ్మా, అది వాడి నిద్రవేళ. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ మధ్యాహ్నం 2 అయితే ఇక్కడ 4.30, బాబు లేచి పాలు తాగి హుషారుగా ఉండే సమయం. మీవారి భోజన విరామంలో, రోజూ అదే వేళకు 5 నిమిషాలు చాలు.

ఫోన్ చేత్తో పట్టుకోకండి. నేలమీద బియ్యం డబ్బాకు ఆనించి, బాబు కళ్ల ఎత్తులో, మూడడుగుల దూరంలో పెట్టండి. కాల్ కట్ చేసే ఎర్ర బటన్ వాడి చేతికి అందదు. కిటికీ బాబుకు ఎదురుగా ఉండాలి. వెనకుంటే నాన్నకు నల్లటి నీడే కనిపిస్తుంది.

“నాన్నకు హాయ్ చెప్పు” అని మాత్రం బలవంతపెట్టొద్దు. ఈ వయసుకు మాటకన్నా ఆటే ముఖ్యం. ఇద్దరూ ఒకేసారి అరటిపండు తినడం, తువ్వాలుతో దోబూచులాట, ఆర్కే బీచ్‌లో ఏరిన గవ్వలు ఒక్కొక్కటే నాన్నకు చూపించడం... ఏదైనా సరే. నాన్న ఒకటి అడిగి మూడు సెకన్లు ఆగాలి. నెట్‌లో మాట ఆలస్యంగా చేరుతుంది, పిల్లలకు జవాబు వెతుక్కోవడానికీ వ్యవధి కావాలి. తెరమీద బొమ్మ కదలకుండా ఆగిపోతే కాల్ కట్ చేయకుండా, వీడియో మాత్రం ఆపి మళ్లీ ఆన్ చేయండి.