వారానికి ఆరు రోజులన్నావట, ముందు ఇది చదువు

అమ్మడూ,

వెయిట్‌లిఫ్టింగ్ పోటీకి పది వారాలే ఉంది, ఇక వారానికి ఆరు రోజులూ పెద్ద బరువులే అన్నావట, మీ అమ్మ చెప్పింది. వినగానే ఎంత పొంగిపోయానో, మరుక్షణం గుండెల్లో రాయి పడింది.

వేళకు తిను, వార్మప్ ఎగ్గొట్టకు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది నా చివరి పోటీ సంగతి. నేనూ అప్పుడు రోజూ స్క్వాట్ చేసేదాన్ని, ప్రతి సెట్టూ ఇక లేవలేను అనేదాకా. కాళ్లలో నొప్పి లేదు కదా, బాగానే ఉన్నాననుకున్నాను. కానీ ఒళ్లు హూనమై మంచమెక్కినా నిద్ర రాదు, గుండె దడదడలాడుతూనే ఉంటుంది, పొద్దున లేవగానే నిమిషానికి 54 ఉండే నాడి 66కి చేరింది, నెల కిందట సులువుగా లేచిన బరువు నేలకు అతుక్కుపోయినట్టుంది, అమ్మ పలకరించినా కసురుకునేదాన్ని. ఇదంతా బద్ధకమనుకుని, ఇంకో కప్పు కాఫీ తాగి, ఇంకో రెండు సెట్లు కలిపాను. కండలు నొప్పి పుట్టకపోయినా వాటిని నడిపించే మెదడూ నరాలూ అలసిపోతాయని అప్పుడు నాకు తెలియదు. పోటీలో స్నాచ్, అంటే బరువును నేల మీంచి ఒక్క ఊపున తలపైకి ఎత్తడం, మూడు ప్రయత్నాలూ పోయాయి. మూడూ పోతే రెండు రకాల లిఫ్టులూ కలిపి లెక్కించే టోటల్ ఉండదు, అంతే, ఏడాది కష్టం ఆ పది నిమిషాల్లో పోయింది. ఆ తర్వాత బరువుల బార్ ముందు నిలబడితేనే చేతులు వణికేవి. మళ్లీ మామూలు మనిషినవడానికి ఐదు నెలలు పట్టింది.

అందుకే తిడుతున్నా. పెద్ద బరువుల రోజులు మూడు చాలు, మధ్యలో కనీసం 48 గంటలు వదులు. పెద్ద సెట్ల మధ్య 3 నుంచి 5 నిమిషాలు ఊరికే కూర్చో. ఇంకో రెండుసార్లు ఎత్తగలననిపించినప్పుడే ఆ సెట్ ఆపెయ్. బార్ నెమ్మదిగా లేస్తోందంటే ఆ రోజుకి బరువు దించెయ్, పంతం పట్టకు. నాలుగైదు వారాలకోసారి ఒక వారం సెట్లు సగానికి తగ్గించు. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు. 8 గంటలు పడుకో. పడుకునే ముందు కాసేపు, ఊపిరి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదులు, గుండె దానంతటదే నెమ్మదిస్తుంది. ఇవన్నీ మీ కోచ్‌తోనూ మాట్లాడు.

నీ మొండితనం నా దగ్గర్నుంచే వచ్చింది తల్లీ, నా భయమంతా అదే.

రేపు పొద్దున మంచం దిగకముందే నాడి చూసుకుని ఆ అంకె నాకు మెసేజ్ పెట్టు. వారం చూస్తే నీకు మామూలుగా ఎంత ఉంటుందో తెలుస్తుంది, ఆ తర్వాత ఏ రోజు పెరిగినా మీ అమ్మకు చెప్పను, నాకు మాత్రం దాచకు.

నీ అత్త