ఆ 44 న్యూట్రాన్లు ఎక్కడుంటాయి?

ప్రశ్న: సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు ఉంటాయి. అదనంగా ఉన్న 44 న్యూట్రాన్లు ఎక్కడ సర్దుకుంటాయి? వాటిని బట్టి న్యూట్రాన్ తారల గురించి చెప్పవచ్చని చదివాను. అంత చిన్నదానికి, అంత పెద్దదానికి ముడి ఎలా పడుతుంది?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పాఠాలు చెప్పినన్నాళ్లూ నల్లబల్ల మీద కేంద్రకాన్ని ఎర్ర సుద్దతో, నీలి సుద్దతో చుక్కలు పెట్టి గీశాను. ఎర్రవి ప్రోటాన్లు, నీలివి న్యూట్రాన్లు, రెండూ చక్కగా కలిసిపోయి ఉండేవి. కార్బన్‌కు ఆ బొమ్మ సరిపోతుంది, సీసానికి చెల్లదు. సీసం బొమ్మకు అంచున దాదాపు అంతా నీలంగా ఉండే సన్నని పట్టీ గీయాలి. దాన్నే న్యూట్రాన్ చర్మం అంటారు.

మీ 44 న్యూట్రాన్లూ అక్కడే చేరతాయనుకోకండి. చాలావరకు లోపలే ఉంటాయి, కొద్దిపాటి వాటా బయటికి ఒరుగుతుంది. ఎందుకు ఒరుగుతుందన్నదే అసలు సంగతి. ప్రోటాన్లు, న్యూట్రాన్లు సమానంగా ఉన్నప్పుడు కేంద్రక పదార్థం కుదురుగా ఉంటుంది. ఒక రకం ఎక్కువైతే శక్తి రూపంలో జరిమానా కట్టాలి. ఆ జరిమానా పేరు సౌష్ఠవ శక్తి. సాంద్రత పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. కేంద్రకం నడుమ పదార్థం దట్టంగా, అంచున పలచగా ఉంటుంది కాబట్టి మిగులు న్యూట్రాన్లు అంచుకు జరిగితే జరిమానా తగ్గుతుంది. మరి అన్నీ ఎందుకు జరగవు? తలతన్యత వెనక్కి లాగుతుంది, నీటి బొట్టును గుండ్రంగా పట్టి ఉంచినట్టే. ఈ రెండూ రాజీపడిన చోట చర్మం మందం తేలుతుంది. సాంద్రతతో పాటు జరిమానా ఎంత నిటారుగా పెరిగితే చర్మం అంత మందం. ఆ నిటారుతనానికే మరో పేరు న్యూట్రాన్ పదార్థపు పీడనం.

మీరడిగిన ముడి ఇక్కడే ఉంది. న్యూట్రాన్ తార అంటే పేలిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన, దాదాపు న్యూట్రాన్లతోనే నిండిన దట్టమైన ముద్ద. అది తన బరువుకు తానే నలిగిపోకుండా కాపాడేది ఆ పీడనమే. తార వ్యాసార్థం సుమారు 12 కిలోమీటర్లు, సీసం కేంద్రకానిది సుమారు 7 ఫెర్మీలు (ఫెర్మీ అంటే మీటరులో పది కోట్ల కోట్లవ వంతు). ఒకటి పక్కన 18 సున్నాలు పెడితే వచ్చేటంత తేడా! అయినా పీడనం ఎక్కువైతే కేంద్రకం చర్మమూ మందమవుతుంది, తారా ఉబ్బుతుంది. అలాగని ‘ప్రయోగశాలలో తార’ అన్న శీర్షికలు నమ్మకండి, నాకు వాటిని చూస్తే చిరాకు. తార నడిబొడ్డున సాంద్రత కేంద్రకంలో కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. అక్కడేం జరుగుతుందో సీసం చెప్పలేదు.

ఇక కొలత. 1950లలో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ కేంద్రకాల మీదికి ఎలక్ట్రాన్లను పంపి వాటి ఆకారం తేల్చారు, 1961లో నోబెల్ అందుకున్నారు. కానీ ఎలక్ట్రాన్ ప్రధానంగా విద్యుదావేశాన్నే చూస్తుంది. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు కనుక దాని కంటికి ఆనదు. బలహీన కేంద్రక బలం విషయంలో మాత్రం పాత్రలు తారుమారవుతాయి: ఆ బలానికి న్యూట్రాన్ బాగా స్పందిస్తుంది, ప్రోటాన్ దాదాపు స్పందించదు. పైగా ఆ బలం కుడి, ఎడమ తేడా చూపుతుంది. అమెరికాలో వర్జీనియాలోని జెఫర్సన్ ప్రయోగశాలవారు కుడివాటంగా, ఎడమవాటంగా తిరిగే ఎలక్ట్రాన్లను మార్చి మార్చి సీసపు రేకు మీదికి పంపారు. ఎలక్ట్రాన్ పుంజం వేడికి సీసం కరిగిపోతుందని రేకును రెండు వజ్రపు పలకల మధ్య ఇరికించారు. వజ్రం నగకు కాక వేడిని లాగేయడానికి పనికొచ్చిన సందర్భమిది! కుడి, ఎడమల మధ్య కనిపించిన తేడా పది కోట్లకు 55 పాళ్లు. దాన్నిబట్టి 2021లో చర్మం మందం 0.28 ఫెర్మీలని తేల్చారు, 0.07 అటూ ఇటూగా.

చాలామంది ఊహించినదానికన్నా ఇది మందం. మరుసటి ఏడాది అదే పద్ధతిలో కాల్షియం-48ను కొలిస్తే చర్మం 0.12 ఫెర్మీలే వచ్చింది, అంటే పలచన. రెండింటినీ ఒకేసారి ఒప్పించే సిద్ధాంతానికి తంటాలు పడుతున్నారు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు వచ్చిన గురుత్వ తరంగాలు కూడా తారలు మరీ ఉబ్బి లేవనే సూచించాయి. నా మొగ్గు పలచని చర్మం వైపే. సీసం కొలతలో ‘అటూ ఇటూ’ చాలా వెడల్పు, అది తగ్గేదాకా సిద్ధాంతాలను తప్పుపట్టడం తొందరపాటు.

ప్రశ్న: న్యూట్రాన్లను ఎన్నయినా చేర్చుకుంటూ పోవచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: పోలేం. ఆక్సిజన్‌కు 8 ప్రోటాన్లు. న్యూట్రాన్లు 16 దాకా నిలుస్తాయి, అదే ఆక్సిజన్-24. అంతకు మించితే రాలిపోతాయి. ఆక్సిజన్-28 గట్టిగా ఉంటుందని ఒకప్పుడు ఆశపడ్డారు, దానిలోని ప్రోటాన్ల సంఖ్య 8, న్యూట్రాన్ల సంఖ్య 20 రెండూ ‘మాయా సంఖ్యలు’ (కేంద్రకం మరింత గట్టిగా నిలిచే సంఖ్యలు) కదా అని. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థలో దాన్ని పుట్టించి 2023లో ఫలితం ప్రకటించారు: పుట్టీ పుట్టగానే నాలుగు న్యూట్రాన్లను వదిలేసి ఆక్సిజన్-24గా మారిపోయింది. కణాలు జంటలుగానే కాక మూడేసి కలిసినప్పుడు పుట్టే అదనపు వికర్షణ ఇందుకు ఒక కారణం. న్యూట్రాన్ తార లెక్కల్లోనూ దాన్ని వదిలేస్తే పీడనం తక్కువగా వస్తుంది. ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది వేరే ఉంది: ఆక్సిజన్‌కు ఒక్క ప్రోటాన్ చేరిస్తే ఫ్లోరిన్ అవుతుంది. అది 22 న్యూట్రాన్లను పట్టి ఉంచగలదు!